వ్యవస్థాపక కార్యదర్శి మంచాన పడ్డారు. వ్యసన విముక్తి కేంద్రాన్ని ఎవరి చేతిలో పెట్టాలి?

మినిట్స్ పుస్తకం

నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో పదిహేను పడకల వ్యసన విముక్తి కేంద్రాన్ని నడిపే సొసైటీలో నేను తొమ్మిదేళ్లుగా కార్యవర్గ సభ్యుణ్ని. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు, దయచేసి ఎవరూ ఊహించి రాయవద్దు. దీన్ని స్థాపించిన కార్యదర్శి గారు ఒకప్పుడు తాగుడు వల్ల ఉద్యోగాన్నీ, రెండెకరాల బత్తాయి తోటనూ పోగొట్టుకుని, మానేసిన తరువాత తనలాంటి వారి కోసం ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకుని ఈ పని మొదలుపెట్టిన మనిషి. ఇరవై రెండేళ్లుగా కేంద్రం అంటే ఆయనే. మూడు నెలల క్రితం ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది కానీ కుడిచేయి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. బ్యాంకు ఖాతాలో సంతకం ఆయన ఒక్కరిదే కావడంతో రెండు నెలలుగా సిబ్బందికి జీతాలు లేవు, కిరాణా దుకాణంలో ఉద్దెర పెరుగుతోంది.

ఆయన స్థానానికి ముగ్గురి పేర్లు వినిపిస్తున్నాయి. ఒకరు ఆయన కుమారుడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మరొకరు మా సీనియర్ కౌన్సెలర్, ఇదే కేంద్రంలో చికిత్స పొంది పద్నాలుగేళ్లుగా చుక్క ముట్టని వ్యక్తి. మూడో వారు ఎం.ఎస్.డబ్ల్యూ (సామాజిక సేవలో పీజీ) చదివి ఆరేళ్లుగా మా ప్రాజెక్టు కోఆర్డినేటరుగా ఉన్న ఆమె. కార్యవర్గంలో మేము ఏడుగురం, అందులో నలుగురు కార్యదర్శి గారి బంధువులు. ఓటు పెడితే ఏమవుతుందో నాకు ముందే తెలుసు. అయినా ఇటువంటి సంస్థను నడిపే మనిషిలో ఏమి చూడాలో తెలిసినవారు చెబితే, సమావేశంలో నోరు విప్పడానికి నాకు కొంత బలం ఉంటుంది.

గట్టు మీద చెట్టు

ముందు జీతాల సంగతి చూడండి. కార్యదర్శి ఎవరన్నది వచ్చే నెల తేలినా ఫరవాలేదు, వంట మనిషి మానేస్తే కేంద్రం ఈ వారమే మూతపడుతుంది.

జమాఖర్చు

నేను మహబూబ్‌నగర్‌లో ఆడిట్ పని చేస్తాను, ఇటువంటి సంస్థల లెక్కలు నాలుగైదు చూస్తున్నాను. చెట్టు గారు చెప్పింది నిజమే కానీ జీతాలు ఇవ్వాలన్నా కార్యవర్గం కూర్చోవలసిందే. సంతకం మార్చమని బ్యాంకుకు వెళితే తీర్మానం నకలు, కొత్త సంతకందారుల గుర్తింపు పత్రాలు, సొసైటీల రిజిస్ట్రారు వద్ద ఉన్న కార్యవర్గ జాబితా అడుగుతారు. చాలా సంస్థలు చిక్కుకునేది ఆ మూడో కాగితం దగ్గరే. తెలంగాణలో అమలులో ఉన్న 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ప్రతి ఏటా కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు సమర్పించాలి. నేను చూసిన ఒక సంస్థలో ఆ జాబితా ఏడేళ్లుగా దాఖలు కాలేదు, అందులోని అధ్యక్షుడు చనిపోయి అప్పటికి నాలుగేళ్లయింది. స్వచ్ఛంద సంస్థల వివరాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ దర్పణ్ పోర్టల్లో కూడా ఆయన పేరే ఉంది. గ్రాంటు దరఖాస్తుతో పాటు ఆ మహానుభావుడి ఆధార్ వివరాలు కూడా ఢిల్లీకి వెళ్లాయి.

ఇంకొక ప్రశ్న. గ్రాంటు ఆలస్యమైనప్పుడు మీ కార్యదర్శి గారు తన సొంత డబ్బు పెట్టేవారా? పెడితే దాన్ని ఎక్కడ రాశారు?

మినిట్స్ పుస్తకం

జమాఖర్చు గారూ, మీరు నేరుగా పుండు మీదే చేయి పెట్టారు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ గ్రాంటు వాయిదాలలో వస్తుంది, ముందు వాయిదా డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ పత్రం పంపి అది ఆమోదం పొందేదాకా తరువాతి వాయిదా కదలదు. ఒక్కొక్కసారి ఎనిమిది నెలలు ఎదురుచూశాం. అటువంటి రెండు సందర్భాలలో ఆయన భార్య నగలు కుదువపెట్టి జీతాలు ఇచ్చారు. అది మా అందరికీ తెలుసు, ఏ పుస్తకంలోనూ లేదు. ఇప్పుడు బంధువులు అంటున్న మాట కూడా అదే: "మా వదినె పుస్తెలతాడు మీద నడిచిన కేంద్రం, పరాయోళ్ల చేతిల ఎట్ల పెడ్తం?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

జమాఖర్చు

జవాబు ఉంది. ఆయన ఇచ్చింది దానమా, అప్పా అన్నది ఇప్పుడైనా తేల్చండి. అప్పు అయితే ఎంత, ఎప్పుడు అన్నది ఆయన చెప్పగా విని, నగలు కుదువపెట్టిన రసీదులు చూసి, కార్యవర్గం తీర్మానం చేసి సంస్థ బాకీగా చూపాలి, వాయిదాలుగా తీర్చాలి. 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ అప్పును నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పదు కాబట్టి పాత వాటికి సంజాయిషీ రాసుకోవలసి వస్తుంది, అది మీ ఆడిటరు చూసుకుంటారు. దానం అయితే రసీదు ఇవ్వండి. రెండూ కాకుండా గాలిలో ఉంచితే ఆ పుస్తెలతాడు సంస్థ మెడకు చుట్టుకుంటుంది. మంచి నాయకులు తమకు తెలియకుండానే యజమానులుగా మారేది ఈ దారిలోనే అని నా అభిప్రాయం. దొంగలను నేను తక్కువగా చూశాను, త్యాగం చేసి ఆ త్యాగాన్ని లెక్క రాయని వారిని ఎక్కువగా చూశాను.

తాటివనం

ఇంతసేపూ లెక్కలేనా? తాగుడు మానిపించే సంస్థకు తాగి మానినవాడే పెద్ద కావాలి. ఆ బాధ తెలియని వారికి ఆ కుర్చీ ఎందుకు? నా ఓటు కౌన్సెలర్ గారికి.

రాత్రి డ్యూటీ

తాటివనం గారి మాటతో నేను ఏకీభవించలేను. నేను ఒక కేంద్రంలో ఆరేళ్లు నర్సుగా పనిచేశాను, అక్కడి డైరెక్టరు గారు కూడా తాగి మానినవారే, మనసున్న మనిషి. ఒక రాత్రి అచ్చంపేట వైపు నుంచి ఒకాయనను తీసుకొచ్చారు. మందు అలవాటు ఉందా అని అడిగితే "లేదమ్మా, నేను మందు ముట్ట, కల్లే తాగుత" అన్నాడు. చేరిక పత్రంలో తాగుడు తక్కువ అని రాశారు. మా ప్రాంతంలో కల్లు దుకాణంలో పోసేది చెట్టు కల్లు మాత్రమే కాదని, అందులో డైజోఫాం, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతారని ఈ జిల్లాలలో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. అవి ఒక్కసారిగా ఆగితే వణుకుతో మొదలై మూర్ఛల దాకా వెళ్తుంది. 2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు పెరిగి ఆ మత్తు ఒక్కసారిగా దొరకకుండా పోయినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాదు, మెదక్ జిల్లాల నుంచి ఎంతమంది పిచ్చిచూపులతో ఆసుపత్రులకు, ఎర్రగడ్డకు చేరారో అప్పటి పత్రికలు చూసినవారికి గుర్తుండే ఉంటుంది.

ఆ రాత్రి అతనికి చేతులు వణకడం మొదలైంది. డైరెక్టరు గారికి ఫోను చేస్తే "మా కాలంలో ఏ మందులూ లేకుండానే మానేశాం, నిమ్మరసం ఇవ్వండి, ఓర్చుకోమనండి" అన్నారు. డాక్టరు గారికి చేయనా అంటే తెల్లవారనివ్వమన్నారు. తెల్లవారుజామున మూడు గంటలకు మొదటి మూర్ఛ వచ్చింది. నేను ఎవరినీ అడగకుండా ఆటో పిలిపించి జిల్లా ఆసుపత్రికి తీసుకువెళ్లాను. అతను బతికాడు. మరునాడు నాకు మెమో వచ్చింది, అనుమతి లేకుండా రోగిని తరలించినందుకు.

ఆయన చెడ్డవారు కారని మళ్లీ చెబుతున్నాను. తన ఒంటి మీద జరిగినదాన్నే అందరికీ వైద్యం అనుకున్నారు.

పాలమూరు కూలి బిడ్డ

రాత్రి డ్యూటీ అక్కా, మీకు వచ్చిన మెమోను ఫ్రేము కట్టించుకోండి, అది పతకం.

తాటివనం

అది ఒక మనిషి తప్పు. దాన్ని పట్టుకుని తాగి మానిన వారందరినీ పక్కన పెడతారా? పట్టా ఉన్న డాక్టర్లు చేసే తప్పులు రాయమంటే నేనూ రాయగలను.

పద్నాలుగు కాదు పదకొండు

నేను మానేసి పదకొండేళ్లు. తాటివనం గారు మా తరపున మాట్లాడుతున్నారు కాబట్టి మావాడిగా రెండు మాటలు చెబుతాను. మాలాంటి వారు కేంద్రంలో ఉండటం అవసరం. వార్డులో పడుకున్నవాడు అబద్ధం చెబుతున్నాడో లేదో డాక్టరుకు పరీక్షలో తెలుస్తుంది, నాకు వాడు గుమ్మంలో చెప్పులు విడిచే తీరులో తెలుస్తుంది. వాడికి కూడా నన్ను చూస్తే "వీడూ ఒకప్పుడు నాలాగే పడిపోయి ఉన్నవాడు" అన్న ధైర్యం వస్తుంది. కానీ కౌన్సెలింగు గదిలో ఉన్న ఈ బలం కార్యదర్శి కుర్చీలోకి యథాతథంగా రాదు.

నేను చికిత్స పొందిన కేంద్రం పెద్ద పన్నెండేళ్ల తరువాత మళ్లీ మొదలుపెట్టారు. ఆరు నెలలు దాచారు. సిబ్బందికి తెలుసు, ఎవరూ పైకి అనలేదు. అందరికన్నా ముందు పసిగట్టింది వార్డులో ఉన్నవాళ్లు, ఎందుకంటే యాలకులు నమిలినా, సోంపు నమిలినా ఆ వాసన మా ముక్కులను దాటి పోలేదు. ఆ ఆరు నెలల్లో చికిత్స మధ్యలో వదిలి వెళ్లిన వారిలో నేనూ ఒకణ్ని. ఆయన మీద నాకు కోపం లేదు. అది జబ్బు, తిరగబెట్టవచ్చు, మేము రోజూ చెప్పుకునే మాటే. అయితే తిరగబెడితే ఎవరితో చెప్పాలో ఆయనకు తెలియలేదు. ఆయన పైన ఎవరూ లేరు. కింద ఉన్నవారందరికీ ఆయనే ఆదర్శం. చెప్పుకునే దిక్కు లేక కదా దాచుకున్నారు?

కాబట్టి మీ కౌన్సెలర్ గారిని పెద్దను చేస్తే చేయండి, కానీ ముందే ఒక నియమం రాయండి. తిరగబెడితే అధ్యక్షుడికి చెప్పాలి, జీతంతో సెలవు ఇవ్వాలి, చికిత్స మరొక ఊరి కేంద్రంలో జరగాలి, తిరిగి వచ్చాక ఏ పనిలో చేరాలో కార్యవర్గం నిర్ణయించాలి. ఆయన్ని కూర్చోబెట్టి అడిగారా అసలు, ఈ కుర్చీ కావాలా అని?

మినిట్స్ పుస్తకం

అడగలేదు. సిగ్గుగా ఉంది. ముగ్గురిలో కుమారుణ్ని తప్ప ఎవరినీ అడగలేదు.

గట్టు మీద చెట్టు

పెళ్లికి ముహూర్తం పెట్టి పిల్లను చూడటం మరిచిపోయినట్టుంది.

ఒప్పంద పత్రం

పేరు బయటపెట్టకుండా కలుసుకుంటూ, ఒకరికొకరు తోడై తాగుడు మానే అనానిమస్ సంఘాల సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో పెద్దలు అనేవారు ఉండరు, ఉన్నవారు సేవకులే తప్ప పాలకులు కారన్నది వారి సంప్రదాయాలలో ఒకటి. బాధ్యతలు చేతులు మారుతూ ఉంటాయి. బయటి విరాళం తీసుకోరు. ఆ పద్ధతినే మన కేంద్రాలు అనుసరిస్తే కుర్చీ గొడవే ఉండదు కదా?

పద్నాలుగు కాదు పదకొండు

నేను ఆ సమావేశాలకు ప్రతి ఆదివారం వెళ్తాను కాబట్టి చెబుతున్నాను, రెండింటినీ కలపకండి. వారు ఆసుపత్రులు నడపరు, తమ పేరును ఏ కేంద్రానికీ ఇవ్వరు. అక్కడ కావలసింది కుర్చీలు, టీ, ఒక గది. కేంద్రంలో మందుల బీరువా ఉంటుంది, మూర్ఛ వచ్చే మనిషి ఉంటాడు, గ్రాంటు ఉంటుంది. ఇవి ఉన్నచోట జవాబుదారీ మనిషి ఒకరు ఉండాలి. అయితే పదవీకాలం అన్న ఒక్క విషయం వారి నుంచి తీసుకోవచ్చు. మీ నిబంధనావళిలో కార్యదర్శికి పదవీకాలం ఉందా?

మినిట్స్ పుస్తకం

మూడేళ్లు అని ఉంది. ఏడుసార్లు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. అందులో మూడుసార్లు ప్రతిపాదించింది నేనే.

కొడుకునే

నా సంగతి కూడా వినండి. మా నాన్న వ్యసన విముక్తి కేంద్రం కాదు కానీ అటువంటిదే ఒక సేవాసంస్థ నడిపారు, పోయాక నన్ను కూర్చోబెట్టారు. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. నాకు ఆ పని రాదని నాకు తెలుసు, సిబ్బందికి తెలుసు, అమ్మకు కూడా తెలుసు. అయినా వద్దంటే నాన్నను కాదన్నట్టు అవుతుందని ఒప్పుకున్నాను. రెండేళ్లలో ఇద్దరు మంచి ఉద్యోగులు వెళ్లిపోయారు, ఎందుకంటే వారు చెప్పిన ప్రతిదానికీ నేను "నాన్న ఉంటే ఏమనేవారో" అని ఆలోచించేవాణ్ని. చివరికి నేనే రాజీనామా చేశాను. మీ కార్యదర్శి గారి అబ్బాయి కోణం నుంచి కూడా ఒకసారి ఆలోచించండి. హైదరాబాదు ఉద్యోగం మానుకుని రమ్మని అతనిని తండ్రి మంచం పక్కన అడిగితే కాదనగలడా?

అయితే బంధుత్వమే పాపమని నేను అనను. పుణెలో ముక్తాంగణ్ వ్యసన విముక్తి కేంద్రాన్ని 1986లో అనిల్ అవచట్, డాక్టర్ అనిత అవచట్ దంపతులు మొదలుపెట్టారు. 1997లో అనిత గారు మరణించాక ఆ బాధ్యత క్రమంగా వారి కుమార్తె ముక్తా పుణతాంబేకర్ మీదకు వచ్చింది. ఆమె మనస్తత్వశాస్త్రం చదివి, ఆ కేంద్రంలోనే పనిచేస్తూ ఎదిగిన మనిషి. కూతురు కావడం వల్ల తలుపు తెరుచుకుని ఉండవచ్చు, లోపల నిలబడింది మాత్రం పని వల్ల.

జమాఖర్చు

ఇక్కడ నాది చిన్న చేర్పు. బంధువుకు జీతం ఇవ్వడం దానంతట అది తప్పు కాదు, పనికి తగిన జీతాన్ని మించితే మాత్రం సంస్థకు ఉన్న ఆదాయపు పన్ను మినహాయింపుకే ఎసరు వస్తుంది. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థ అయితే ఆ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తరువాత పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. మీకు అది వర్తించకపోవచ్చు. నాయకుణ్ని ఎన్నుకునేటప్పుడు జీతం ఎంతో ముందే తీర్మానంలో రాయండి.

దేవరకొండ దారి

కోఆర్డినేటరు ఆమె గురించి ఇంతవరకూ ఎవరూ మాట్లాడకపోవడం గమనించారా? ఆరేళ్లుగా ఆ కేంద్రాన్ని రోజూ నడుపుతున్నది బహుశా ఆమే. వినియోగ పత్రాలు ఎవరు తయారుచేస్తున్నారు, మినిట్స్ పుస్తకం గారూ?

మినిట్స్ పుస్తకం

ఆమే. నెలవారీ నివేదికలూ ఆమే. జిల్లా కలెక్టరేటులో సమావేశాలకు వెళ్లేదీ ఆమే. కార్యదర్శి గారు సంతకం చేసేవారు.

తాటివనం

చదువుకున్న ఆమె కాగితాలు రాయగలదు, కాదనను. కానీ ఇది రాత్రి ఒంటిగంటకు తాగి గొడవ చేసే మనిషిని నలుగురు మోసుకొచ్చే చోటు. ఆడమనిషి ఆ సమయంలో ఎలా వస్తుంది?

రాత్రి డ్యూటీ

నా పేరు మరొకసారి చదవండి.

పాలమూరు కూలి బిడ్డ

ఈ వారం ఉత్తమ జవాబు.

దేవరకొండ దారి

తాటివనం గారూ, చెన్నైలో టి.టి.కె. ఆసుపత్రి పేరుతో తెలిసిన టి.టి. రంగనాథన్ క్లినికల్ రిసెర్చ్ ఫౌండేషన్‌ను 1980లో మొదలుపెట్టింది శాంతి రంగనాథన్ గారు. భర్తను తాగుడుకు పోగొట్టుకున్న మనిషి ఆమె. ఆ దుఃఖంతోనే ఆగిపోకుండా వ్యసన చికిత్సలో శిక్షణ పొంది వచ్చి సంస్థ నిర్మించారు, 1992లో పద్మశ్రీ వచ్చింది. తాగినవారికి మాత్రమే ఆ బాధ తెలుస్తుందని అంటున్నారు, తాగినవాడి ఇంట్లో ఉన్నవారికి తెలియదా?

పైగా మన వైపు కల్లు ఆడవాళ్లూ తాగుతారు. నాట్లకు పోయి వచ్చి ఒళ్లు నొప్పులకని మొదలుపెట్టి, ఆ సీసాలో కలిపినదానికి అలవాటుపడ్డవారు పాలమూరులో ఎంతమంది ఉన్నారో ఆశా కార్యకర్తలను అడగండి. మగవారి వార్డు ఒక్కటే ఉన్న కేంద్రానికి వాళ్లు రారు. ఆ తలుపు తెరవాలన్న ఆలోచన మగ కార్యదర్శులకు ఇరవై రెండేళ్లలో రాకపోవడంలో వింత లేదు.

తాటివనం

మా అమ్మ అలాగే పోయింది. నేను ఈ సంగతి ఇక్కడ రాయాలనుకోలేదు. ఆమెను ఎక్కడా చేర్చుకోలేదు. సరే, ఆడమనిషి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, మిగతా మాట మీద మాత్రం ఉన్నాను.

రాత్రి డ్యూటీ

తాటివనం అన్నా, నేను కటువుగా అన్నాను, ఏమీ అనుకోకండి.

ఒప్పంద పత్రం

చట్టం గురించి నాకు తెలిసినంత చెబుతాను, ఎవరు నాయకులైనా ఇది వారి నెత్తిన పడుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వ్యసనంతో వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యం కిందకే తెచ్చింది. కాబట్టి అటువంటి వారిని చేర్చుకుని చికిత్స చేసే చోటు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద నమోదు కావాలి. గొలుసుతో కట్టడం పూర్తిగా నిషిద్ధం. ఒంటరి గదిలో బంధించడం నిషిద్ధం. చేతులు కట్టవలసి వస్తే మరో మార్గం లేనప్పుడు, మానసిక వైద్యుడి అనుమతితో, రాతపూర్వకంగా జరగాలి. రోగి ఒప్పుకోకపోయినా కుటుంబం తెచ్చి పడేస్తే ఉంచుకునే అధికారం కార్యదర్శికి లేదు. రోగి తరపు ప్రతినిధి దరఖాస్తు చేయాలి, ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరు మానసిక వైద్యుడై ఉండాలి, అప్పుడు కూడా మొదట 30 రోజుల వరకే. మీ కేంద్రంలో ఇవి జరుగుతున్నాయా?

మినిట్స్ పుస్తకం

గొలుసులు ఎన్నడూ లేవు, అది కార్యదర్శి గారి గొప్పతనం, తనను ఒకప్పుడు గుంజకు కట్టేశారని ఆయనకు గుర్తుండేది. చేరికల విషయంలో మాత్రం ఇంటివారు కన్నీళ్లు పెట్టుకుంటే ఆయన కరిగిపోయేవారు. వారంలో రెండు రోజులు వచ్చే మానసిక వైద్యుడు మూడో రోజున సంతకం చేసేవారు. నమోదు ఉంది, గడువు చూడాలి.

కొడుకునే

ఇంతకీ మీ ప్రశ్నే మారిపోయిందని నాకు అనిపిస్తోంది. ముగ్గురిలో ఎవరు అని మొదలుపెట్టారు. ఆయన ఒక్కడే చేసిన పనులు ఎన్ని, వాటిలో ఏవి ఒకే మనిషి చేతిలో ఉండకూడదు అన్నది అసలు ప్రశ్న. సంతకం, చేరిక, మందు, లెక్క, రాత్రి ఫోను. ఐదూ ఒకరే చేశారు, ఇరవై రెండేళ్లు చేశారు. అటువంటి మనిషి మళ్లీ దొరకడు, దొరికినా తీసుకోకూడదు.

పద్నాలుగు కాదు పదకొండు

రాత్రి ఫోను అన్నారు కదా, అది ఎవరి పేరు మీద ఉంది?

మినిట్స్ పుస్తకం

ఆయన సొంత నంబరే. గోడల మీద, కరపత్రాల మీద, బస్టాండు బోర్డు మీద అదే. ఇప్పుడు ఆ ఫోను ఆయన మంచం పక్కన ఉంది, మోగినప్పుడల్లా ఎడమచేత్తో ఎత్తి మాట్లాడుతున్నారు. వదినె గారు వద్దని ఏడుస్తున్నారు.

పాలమూరు కూలి బిడ్డ

నేను నవ్వించడానికే ఇక్కడికి వస్తాను కానీ ఇది చదివి చేతులు ఆడలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసిన సర్వేలో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని తేలింది. మిగతా 37 మందిలో మా బాపు ఒకడు. మేము బొంబాయిలో అడ్డా మీద ఉన్నప్పుడు ఎవరికి ఫోను చేయాలో తెలియలేదు. 14446 వంటి జాతీయ సహాయ నంబర్లు ఇప్పుడు ఉన్నాయి, మంచిదే, కానీ మన ఊరి యాసలో ఎత్తి మాట్లాడే మనిషి నంబరు విలువ వేరు. ఆ సిమ్మును పోనివ్వకండి.

జమాఖర్చు

సొసైటీ పేరుకు బదిలీ చేయించండి. ఖర్చు కొద్దిపాటిదే. తీర్మానంలో రాయండి.

గట్టు మీద చెట్టు

జమాఖర్చు గారికి కలలో కూడా తీర్మానాలే వస్తాయనుకుంటాను.

మినిట్స్ పుస్తకం

పదకొండు రోజుల తరువాత రాస్తున్నాను. నిన్న సమావేశం జరిగింది. కార్యదర్శి గారి ఇంట్లోనే, ఆయన మంచం చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం.

ముందుగా కౌన్సెలర్ గారిని అడిగాను. "నన్ను ఆ కుర్చీల కూసోబెడితే నేను తిరిగి తాగుత సార్, నాకు వార్డే మంచిగుంటది" అన్నారు. నవ్వుతూ అన్నారు కానీ నవ్వులాట కాదని అందరికీ అర్థమైంది. కుమారుడు ఫోనులో మాట్లాడాడు. తండ్రి ఎదురుగా అడగకుండా ముందురోజు నేను విడిగా అడిగాను, కొడుకునే గారి మాట గుర్తుంచుకుని. అతను ఊపిరి పీల్చుకున్న చప్పుడు నాకు వినిపించింది. లెక్కలు చూసే కోశాధికారిగా ఉంటానని, నెలకు ఒకసారి వస్తానని ఒప్పుకున్నాడు. బంధువులలో ఇద్దరు తప్పుకోవడానికి అంగీకరించారు, ఒకరు కోపంతో లేచి వెళ్లిపోయారు, టీ కూడా తాగలేదు. తప్పుకున్న రెండు స్థానాలలో ఒకటి ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన వైద్యురాలికి, మరొకటి మా కేంద్రంలో భర్తకు చికిత్స చేయించిన ఒక గృహిణికి ఇవ్వాలని రాసుకున్నాం.

కోఆర్డినేటరును ఆరు నెలలకు బాధ్యురాలిగా నియమించాం. ఆరు నెలలే ఎందుకని ఆమె అడిగింది, పురుషుణ్ని నియమిస్తే ఇలాగే పెట్టేవారా అని కూడా అడిగింది. జవాబు చెప్పలేక సంవత్సరం చేశాం. చెక్కు మీద ఇద్దరి సంతకాలు. మందు విషయంలో వైద్యుడి మాటకు, వైద్యుడు లేని వేళ డ్యూటీ నర్సు మాటకు ఎవరూ అడ్డు చెప్పరాదని రాశాం. రాత్రి డ్యూటీ గారూ, ఆ వాక్యం మీ మెమో నుంచి పుట్టింది. నగల లెక్క మాత్రం తేలలేదు. ఎంత అని అడిగితే కార్యదర్శి గారు గోడ వైపు తిరిగారు. వదినె గారు ఒక పాత డబ్బాలోంచి రసీదులు తెచ్చి నా చేతిలో పెట్టారు, ఇంకా కూడుతున్నాను.

తీర్మానం కింద ఆయన సంతకం కావాలి. ఎడమచేతి బొటనవేలికి నేనే సిరా రాశాను. ఇరవై రెండేళ్లు అదే పుస్తకంలో సంతకం చేసిన మనిషి.

జమాఖర్చు

వేలిముద్ర పక్కన ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించారు కదా?

మినిట్స్ పుస్తకం

పెట్టించాను.

రాత్రి డ్యూటీ

ఆ వాక్యానికి కృతజ్ఞతలు. ఫోను సంగతి రాయలేదు. సిమ్ము ఎవరి దగ్గర ఉంది?

మినిట్స్ పుస్తకం

కోఆర్డినేటరు దగ్గర ఉంది. నిన్న రాత్రి రెండు గంటల ప్రాంతంలో కట్టంగూరు వైపు నుంచి ఎవరో ఫోను చేశారట. కార్యదర్శి సారు కావాలన్నారట. ఆయనకు ఒంట్లో బాగాలేదు, నాతో చెప్పండి అని ఆమె అంటే పెట్టేశారట. పది నిమిషాలకు మళ్లీ అదే నంబరు నుంచి మోగింది.